వాకబు చేసే చదువు

బడిలో పిల్లలకు తోటివాళ్ల నుంచి ఎదురయ్యే వేధింపుల మీద రెండు వ్యాసాలు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లది, రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్ వాళ్లది. రెండింటినీ కంప్యూటర్‌లో తెరిచి పెట్టారు. ఏ సైటు ఎక్కువ నమ్మదగ్గదో చెప్పాలి. పది నిమిషాల వరకు టైముంది. నెట్‌లో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఏదైనా వెతుక్కోవచ్చు. షరతు ఒక్కటే: చదువుతున్నంతసేపూ మనసులో ఏం నడుస్తోందో పైకి చెబుతూ ఉండాలి.

పరీక్షకు కూర్చున్నవాళ్లు చదువు రానివాళ్లు కారు. పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు పదిమంది, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న విద్యార్థులు పాతికమంది, వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న ఫ్యాక్ట్ చెకర్లు పదిమంది. మొత్తం 45 మంది. పరీక్ష పెట్టినవాళ్లు స్టాన్‌ఫర్డ్‌లో విద్యా పరిశోధకులైన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ.

పేర్లు చూస్తే రెండు సంస్థలూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. కానీ అకాడమీ 1930లో పుట్టింది. 60 వేల మందికి పైగా పిల్లల డాక్టర్లు అందులో సభ్యులు. ఆ రంగంలో ప్రపంచమంతా చదివే వైద్య పత్రికను నడుపుతుంది. కాలేజ్ అన్నది 2002లో దాని నుంచి విడిపోయిన చిన్న గుంపు. స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోవడాన్ని అకాడమీ సమర్థించడం నచ్చక బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్నది. సభ్యులు కొన్ని వందలు. ఒకటి వృత్తి సంఘం, ఇంకొకటి ఒక అభిప్రాయాన్ని ప్రచారం చేయడానికి పుట్టిన సంఘం. ఈ తేడా ఆ రెండు వ్యాసాల్లో ఎంత వెతికినా కనిపించదు.

విద్యార్థుల్లో ఎక్కువమంది కాలేజ్ సైటే మేలన్నారు. చరిత్రకారుల్లో చాలామంది రెండూ నమ్మదగ్గవిగానే ఉన్నాయంటూ ఎటూ తేల్చలేకపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పదిమందికి పదిమందీ తడుముకోకుండా అకాడమీ వైపు వేలు చూపించారు.

ఫ్యాక్ట్ చెకర్లు మిగతావాళ్ల కంటే తెలివైనవాళ్లా? కాదు. వాళ్లు ఎక్కువ శ్రద్ధగా చదివారా? అసలు చదవనే లేదు. కాలేజ్ పేజీ తెరిచారు, పేరు చూశారు, వెంటనే దాన్ని వదిలేసి పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి ఆ పేరు కొట్టారు. ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. రెండు మూడు ట్యాబులు తిరిగేసరికి చీలిక కథ మొత్తం బయటపడింది. ఆ తర్వాత కావాలంటే వెనక్కి వచ్చి వ్యాసం చదివారు, లేకపోతే లేదు.

చరిత్రకారులు, విద్యార్థులు ఆ పేజీలోనే ఉండిపోయారు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివారు. వ్యాసం కింద ఆధారాల పట్టిక ఉందని మెచ్చుకున్నారు. ప్రకటనలు లేవు, లోగో హుందాగా ఉంది, ముందు సారాంశం ఇచ్చి తర్వాత అంశాలవారీగా రాశారు, చిరునామా డాట్ ఆర్గ్‌తో ముగిసింది అని ఒక్కొక్కటీ మార్కులు వేసుకుంటూ పోయారు. ఆ పేజీని తయారుచేసినవాళ్లు చూపించదలుచుకున్నవన్నీ చూశారు. వాళ్లు చూపించనిది ఒక్కటీ కనిపించలేదు.

మన ఇళ్లల్లో పెళ్లి సంబంధం వస్తే బయోడేటాను భూతద్దం పెట్టి చదవం. అబ్బాయి వాళ్ల ఊళ్లో ఎవరున్నారో చూసుకుని వాకబు చేస్తాం. ఫ్యాక్ట్ చెకర్లు చేసింది అచ్చంగా ఆ పనే. వైన్‌బర్గ్, మెక్‌గ్రూ దానికి ల్యాటరల్ రీడింగ్ అని పేరు పెట్టారు. ట్యాబులు తెర మీద పక్కపక్కనే వరసగా తెరుచుకుంటాయి కాబట్టి ఆ పేరు. 2017లో వాళ్లు విడుదల చేసిన పరిశోధన పత్రం శీర్షికలోనే సంగతంతా ఉంది: తక్కువ చదివి ఎక్కువ తెలుసుకోవడం.

ఈ ఫలితం వైన్‌బర్గ్‌కు మామూలు ఫలితం కాదు. ఎందుకో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

1775 ఏప్రిల్ 19న తెల్లవారుజామున అమెరికాలో లెక్సింగ్టన్ అనే ఊరి మైదానంలో బ్రిటిష్ సైనికులకు, డెబ్బైమంది దాకా ఉన్న స్థానిక దళానికి మధ్య కాల్పులు జరిగాయి. స్థానికులు ఎనిమిది మంది చనిపోయారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అక్కడ మొదలైంది. మొదటి తూటా ఎవరు పేల్చారన్నది మాత్రం ఈనాటికీ తేలలేదు. కుర్రవాడైన వైన్‌బర్గ్ తన పరిశోధన కోసం ఈ సంఘటనను ఎంచుకున్నాడు. దాని మీద ఎనిమిది రాతపత్రాలు సేకరించాడు. వాటిలో ఒక బ్రిటిష్ అధికారి డైరీ ఉంది, స్థానిక దళం వాళ్లు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఉంది, హోవర్డ్ ఫాస్ట్ రాసిన నవలలోంచి ఒక ముక్క ఉంది, బడి పాఠ్యపుస్తకంలోంచి ఒక పేరా ఉంది. వాటిని ఎనిమిది మంది చరిత్రకారులకు, ఎనిమిది మంది తెలివైన హైస్కూల్ విద్యార్థులకు ఇచ్చి, పైకి మాట్లాడుతూ చదవమన్నాడు.

విద్యార్థులు మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టి చివరి వాక్యం దాకా చదివారు, పరీక్షకు పాఠం చదివినట్టు. చరిత్రకారులు దాదాపు ప్రతిసారీ కాగితం అడుగుకు వెళ్లారు. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు, రాసినప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడు? ఇవి తేలాకే అసలు చదువు మొదలుపెట్టారు. విద్యార్థులు ఆ పని చేసింది మూడింట ఒక వంతు సార్లు కూడా లేదు. అన్నిటికంటే ఏది నమ్మదగ్గదని అడిగితే వాళ్లు పాఠ్యపుస్తకాన్ని పైన పెట్టారు. చరిత్రకారులు దాన్ని అట్టడుగు వరసలో పెట్టారు. తమాషా ఏమిటంటే ఆ చరిత్రకారుల్లో అందరూ అమెరికా చరిత్ర నిపుణులు కారు. వేరే దేశాల, వేరే కాలాల చరిత్ర చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు. లెక్సింగ్టన్ గురించి వాళ్లకు ముందు తెలిసింది అంతంతమాత్రమే. తెలియని విషయాన్ని ఎలా పట్టుకోవాలో తెలియడమే వాళ్ల నైపుణ్యం.

1991లో అచ్చయిన ఈ అధ్యయనం అమెరికాలో చరిత్ర బోధన తీరునే కదిలించింది. చరిత్రంటే తేదీలు, రాజుల పేర్లు కాదు, పత్రాన్ని నిలదీసి అడగడం అని బడుల్లో చెప్పడానికి అది పునాది అయింది. వైన్‌బర్గ్ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఒక బృందాన్ని ఏర్పరచి, మూలపత్రాలతో చరిత్ర పాఠాలు తయారుచేసి టీచర్లకు ఉచితంగా అందించాడు.

బడి పిల్లలు ఈలోగా పుస్తకాల నుంచి ఫోన్లకు మారిపోయారు. వైన్‌బర్గ్ బృందం 2015 నుంచి ఏడాదిన్నర పాటు అమెరికాలోని 12 రాష్ట్రాల్లో మిడిల్ స్కూల్ నుంచి కాలేజీ దాకా విద్యార్థులకు నెట్‌లో కనిపించే మామూలు సరుకే ఇచ్చి పరీక్షలు పెట్టింది. 7,804 సమాధానాలు పోగయ్యాయి. వాటి మీద నివేదిక 2016 నవంబర్‌లో, అమెరికా అధ్యక్ష ఎన్నికలు ముగిసిన రెండు వారాలకు, వెలువడింది. తప్పుడు వార్తల గురించి దేశమంతా మాట్లాడుకుంటున్న సమయం కావడంతో అది పెద్ద వార్త అయింది.

అందులో ఒక ప్రశ్న నాకు మరిచిపోవడం కష్టం. రెండు మూడు పూలు అతుక్కుపోయినట్టు వికారంగా ఉన్న తెల్ల డైసీ పూల ఫొటో ఒకటి. జపాన్‌లో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం వల్ల పూలు ఇలా అయ్యాయని దాని కింద ఎవరో రాశారు. ఆ ప్రాంతంలో పరిస్థితి ఎలా ఉందో చెప్పడానికి ఇది గట్టి ఆధారమేనా అని హైస్కూల్ పిల్లల్ని అడిగారు. సమాధానం రాసిన 170 మంది దాకా పిల్లల్లో ఫొటో ఎవరు పెట్టారు, ఎక్కడ తీశారు అని అడిగినవాళ్లు 20 శాతం కూడా లేరు. 40 శాతం దాకా పిల్లలు ఇది గట్టి ఆధారమే, కళ్లకు కనబడుతోంది కదా అన్నారు. మిగతావాళ్లలో కొందరు ఆధారం చాలదన్నారు గానీ, వాళ్ల అభ్యంతరం ఏమిటంటే జంతువుల ఫొటోలు కూడా పెట్టి ఉండాల్సిందని! పూలు అలా అతుక్కుని పూయడం అణుధార్మికత లేని చోట కూడా జరిగే సంగతే, తోటపని తెలిసినవాళ్లకు కొత్త కాదు. ఆ ఫొటో ఫుకుషిమాలో తీసిందని చెప్పే గుర్తు ఒక్కటీ అందులో లేదు.

పిల్లలకు రాదని తేలింది. మరి ఎవరికి వచ్చు? పిల్లలకు నేర్పాలంటే ముందు ఆ పని చక్కగా చేసేవాళ్లను పట్టుకుని, వాళ్లు ఏం చేస్తున్నారో చూడాలి. వైన్‌బర్గ్ 1991లో చేసింది అదే, ఇప్పుడూ అదే చేశాడు. తేడా ఏమిటంటే ఈసారి తనకు బాగా తెలిసిన చరిత్రకారుల పక్కన ఫ్యాక్ట్ చెకర్లను కూడా కూర్చోబెట్టాడు. కాగితం మీద మూలాన్ని వెతకడంలో ఆరితేరిన పండితులే తెర ముందు పిల్లల్లా చిక్కుకుపోవడం అలా బయటపడింది. ఒక పరిశోధకుడు పాతికేళ్లు తాను నమ్మిన నిపుణులే ఓడిపోయారని తన చేత్తో తానే రాసి అచ్చు వేశాడంటే దానికి నిజాయితీ కావాలి. ఈ కథలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది అదే.

ఎందుకు ఓడిపోయారు? పాత పత్రాల భాండాగారంలో చేతికొచ్చే పత్రానికి ఒక రక్షణ ఉంటుంది. ఎవరో దాన్ని సేకరించారు, నమోదు చేశారు, భద్రపరిచారు. అక్కడ కూర్చుని అక్షరం అక్షరం చదివితే ఫలితం ఉంటుంది. నెట్‌లో ఆ కాపలా లేదు. పేజీ తయారుచేసినవాడే దాని రూపం, దాని ఆధారాలు, దాని గురించి దాని మాట అన్నీ నిర్ణయిస్తాడు. అలాంటి పేజీని ఎంత సూక్ష్మంగా చదివితే అంత లోతుగా అతని చేతిలో పడతాం. తెలివి ఎక్కువున్నవాడు ఎక్కువ సేపు చదువుతాడు, వాదంలోని మెలికల్ని మెచ్చుకుంటాడు, ఇంకా ఎక్కువ నమ్ముతాడు.

పరీక్షలో ఇంకొక ప్రశ్న కనీస వేతనం మీద. దాన్ని పెంచితే ఏమవుతుందో చెప్పే వెబ్‌సైటు ఒకటి. ఎంప్లాయ్‌మెంట్ పాలసీస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ దాన్ని నడుపుతోందని, అది లాభాపేక్ష లేని పరిశోధన సంస్థ అని అక్కడ రాసి ఉంటుంది. పెద్ద పత్రికల వార్తలకు లింకులు కూడా ఉంటాయి. మా గురించి అన్న పేజీ చదివినవాళ్లకు సంతృప్తి కలిగింది. సంస్థ పేరును బయట వెతికిన ఫ్యాక్ట్ చెకర్లకు మాత్రం వాషింగ్టన్‌లోని బెర్మన్ అండ్ కంపెనీ తగిలింది. హోటళ్ల వ్యాపారం లాంటి పరిశ్రమల తరఫున ప్రచారం చేసిపెట్టే సంస్థ అది. రెండింటి చిరునామా ఒకటే. న్యూయార్క్ టైమ్స్ 2014లోనే ఆ సంగతి రాసింది. కనీస వేతనం పెంచకూడదన్న వాదన తప్పని దీనివల్ల రుజువు కాదు. వాదన మంచిదో కాదో తర్వాత చూసుకోవచ్చు. మాట్లాడుతున్నది పరిశోధకుడా, జీతం తీసుకునే ప్రచారకుడా అన్నది మాత్రం వినడానికి ముందే తెలియాలి.

ఫ్యాక్ట్ చెకర్ల దగ్గర ఇంకొక అలవాటు కనిపించింది. గూగుల్‌లో వెతికాక మనం మొదటి ఫలితం మీద నొక్కేస్తాం. వాళ్లు నొక్కరు. చేయి ఆపుకుని ఫలితాల జాబితాను కిందికి జరుపుతూ, ఒక్కొక్క దాని కింద ఉన్న రెండు వాక్యాలు, వెబ్ చిరునామా చూస్తూ పోతారు. ఎవరెవరు మాట్లాడుతున్నారు, ఏ వైపు నుంచి మాట్లాడుతున్నారు అన్న అంచనా వచ్చాక ఒకదాన్ని ఎంచుకుంటారు. కొన్ని సెకన్ల పని. దానివల్ల ఆదా అయ్యేది పది నిమిషాల తప్పుదారి.

అప్పటికి అమెరికా కాలేజీల్లో వేరే పద్ధతి నడుస్తోంది. కాలిఫోర్నియాలోని చీకో విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ సారా బ్లేక్‌స్లీ 2004లో తయారుచేసిన ఐదు అంశాల పట్టిక అది. సమాచారం తాజాదేనా, మనకు కావాల్సిందేనా, రాసినవాళ్లకు అర్హత ఉందా, వివరాలు సరైనవేనా, ఎందుకు రాశారు అని పేజీని చూస్తూ టిక్కులు పెట్టుకోవాలి. సులభంగా గుర్తుండేది కావడంతో లైబ్రరీల్లో బాగా వ్యాపించింది. ప్రశ్నల్లో తప్పు లేదు. కానీ జవాబుల కోసం ఆ పేజీలోనే వెతకడం అలవాటైపోయింది. తేదీ వేయడం, డాక్టరు పేరు పెట్టడం, ఫోన్ నంబరు ఇవ్వడం, కింద ఇరవై ఆధారాలు చేర్చడం మోసగాడికి ఒక పూట పని. డాట్ ఆర్గ్ చిరునామా ఎవరైనా కొనుక్కోవచ్చు. దానికి సేవా సంస్థ అయి ఉండాలన్న నిబంధన లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో మైక్ కాల్‌ఫీల్డ్ కూడా ఇదే బాటలో ఉన్నాడు. విద్యార్థులకు పట్టికలు ఇచ్చి విసిగిపోయి, చేతికి పనిచెప్పే నాలుగు చిన్న కదలికలుగా నేర్పడం మొదలుపెట్టాడు. 2017లో ఆ పాఠాలను ఉచిత పుస్తకంగా నెట్‌లో పెట్టాడు. రెండేళ్ల తర్వాత వాటిని ఇంకా కుదించాడు. ముందు ఆగాలి. చెబుతున్నదెవరో ఆరా తీయాలి. అదే సంగతి మీద ఇంకా మంచి కథనం ఉందేమో వెతకాలి. మాటనో, ఫొటోనో, వీడియోనో అది మొదట పుట్టిన చోటిదాకా వెనక్కి వెళ్లి చూడాలి. వీటిలో ఏదీ అరనిమిషం కంటే ఎక్కువ పట్టకూడదని అతని పట్టుదల. ఎందుకంటే గంట పట్టే జాగ్రత్తను ఎవరూ పాటించరు.

మొదటిది, ఆగడం, వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ కాల్‌ఫీల్డ్ దానికి చాలా బరువిచ్చాడు. ఒక సందేశం చదవగానే కోపమో, భయమో, మనవాళ్ల మీద గర్వమో గుప్పున లేస్తే అదే హెచ్చరిక. అప్పుడే వేలు ఫార్వర్డ్ గుర్తు మీదికి పోతుంది. కాల్‌ఫీల్డ్, వైన్‌బర్గ్ తర్వాత చేతులు కలిపి 2023లో వెరిఫైడ్ అనే పుస్తకం తెచ్చారు.

ఇది నేర్పితే వస్తుందా? నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో హైస్కూళ్లలో పరీక్షించారు. 499 మంది విద్యార్థులు. యాభై నిమిషాల పాఠాలు ఆరు. చెప్పింది బయటి నిపుణులు కాదు, రోజూ పౌరశాస్త్రం చెప్పే టీచర్లే. పరీక్ష కూడా కాగితం మీద కాదు, నిజమైన ఇంటర్నెట్‌లో. పాఠాలు విన్న పిల్లలు వినని పిల్లల కంటే స్పష్టంగా మెరుగయ్యారు. 2022లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

మన దగ్గరికి వస్తే సమస్య వెబ్‌సైటుతో మొదలవదు. వాట్సాప్‌తో మొదలవుతుంది. అక్కడ సంస్థ పేరుండదు, చిరునామా ఉండదు. ఉండేది పెదనాన్న గారి పేరో, అపార్ట్‌మెంట్ గ్రూపు పేరో. వాళ్లను మనం అనుమానించం. నిజానికి అనుమానించాల్సింది వాళ్లను కాదు, వాళ్ల దాకా ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని.

2018లో ఒక వీడియో దేశమంతా తిరిగింది. వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. మోటార్‌సైకిల్ మీద ఇద్దరు వస్తారు. ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోతారు. సీసీ కెమెరాలో పడినట్టుగా ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి, జాగ్రత్త అన్న మాటలతో అది ఊరూరా చేరింది. ఆ వీడియోను వందసార్లు చూసినా అందులో అబద్ధం దొరకదు. అది నిజంగా తీసిన వీడియోనే, కాకపోతే పాకిస్తాన్‌లోని కరాచీలో. పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసిన చిన్న సినిమా. అసలు వీడియోలో ఆ ఇద్దరూ వెంటనే వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపి, కరాచీలో బిడ్డను ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు అన్న అర్థంలో రాసిన అట్టముక్క చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కోసేశారు. ఈ నిజం వీడియో లోపల లేదు, బయట ఉంది. ఒక దృశ్యాన్ని బొమ్మగా పట్టి గూగుల్‌లో వెతికినవాళ్లకే అది దొరికింది.

ఇలాంటి వదంతులతోనే ఆ ఏడాది మే నెలలో తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్తగా కనిపించిన మనుషుల మీద గుంపులు దాడిచేశాయి. ప్రాణాలు పోయాయి. గద్వాల ప్రాంతంలో అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికొక పోలీసును కేటాయించి, ఇంటింటికీ పంపించి, డప్పు కళాకారులతో పాటలు కట్టించి, వదంతిని నమ్మవద్దు, ముందు మాకు చెప్పండి అని చాటింపు వేయించారు. చదువు రానివాళ్లకు కూడా వాకబు చేసుకునే దారి ఒకటి ఏర్పడింది: ఊరి పోలీసుకు ఫోన్ చేయడం. వాట్సాప్ సంస్థ జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. తర్వాతి ఏడాది ఆ కట్టడిని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది.

కట్టడి వేరు, చదువు వేరు. చదువు ఎంత కష్టమో బీహార్ చూపించింది. సుమిత్రా బద్రీనాథన్ అనే రాజనీతి పరిశోధకురాలు 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో గయ ప్రాంతంలో 1,200 మందికి పైగా పెద్దవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. శిక్షణ పొందినవాళ్లు కొందరి ఇంటికే వెళ్లి గంటసేపు కూర్చుని, ఫొటోను వెనక్కి వెతకడం వంటివి నేర్పారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పార్టీ అభిమానం గట్టిగా ఉన్న కొందరిలో, తమకు నచ్చే వార్తల దగ్గర, పరిస్థితి ఇంకాస్త వెనక్కి పోయింది. ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు. నా దృష్టిలో దీని విలువ చాలా ఎక్కువ. ఒక సెమినార్ పెట్టి, ఒక కరపత్రం పంచి, పిల్లలతో ప్రమాణం చేయించి పనైపోయిందనుకునే అలవాటు మనకు బాగా ఉంది. గంట చాలదని లెక్కలతో సహా తెలిసింది.

అదే పరిశోధకురాలు తోటివారితో కలిసి మళ్లీ బీహార్‌కే వెళ్లారు. ఈసారి ఎంచుకున్నది పిల్లల్ని. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువుతున్నవాళ్లు, 13 వేల మందికి పైగా. ప్రభుత్వంతో కలిసి, పల్లెల్లోని లైబ్రరీల్లో, 14 వారాల పాటు విడతలు విడతలుగా తరగతులు నడిపారు. పోల్చి చూడటానికి కొన్ని ఊళ్లలో పిల్లలకు ఇంగ్లీష్ పాఠాలు చెప్పారు. వదంతులను పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ విడదీయడంలో స్పష్టంగా ముందున్నారు. పాఠాలు అయిపోయిన కొన్ని నెలల తర్వాత, తరగతిలో ఎప్పుడూ చర్చించని రాజకీయ వదంతుల విషయంలో కూడా ఆ తేడా నిలిచింది. ఇంట్లో తల్లిదండ్రులను పరీక్షిస్తే, ఎవరూ పాఠం చెప్పని వాళ్లలోనూ మెరుగుదల కనిపించింది.

తెలుగులో ఇలాంటి పాఠం చెప్పాలంటే అడ్డంకులు ఉన్నాయి. తెలుగు పేర్లు, తెలుగు మాటలు కొట్టి వెతికితే దొరికే నికరమైన సమాచారం ఇంగ్లీషులో దొరికేదానికంటే తక్కువ. ఆడియో సందేశాలను ఫొటోల్లా వెనక్కి వెతకడం కుదరదు. యంత్రం తయారుచేసిన బొమ్మలు, గొంతులు వచ్చాక చేతివేళ్లు లెక్కపెట్టి, నీడలు చూసి కనిపెట్టే రోజులు దాటిపోతున్నాయి. అందుకే పేజీని వదిలి బయటికి వెళ్లడం ఇప్పుడు ఇంకా అవసరమైంది: ఇది మొదట ఎవరు పెట్టారు, ఆ మంత్రో ఆ డాక్టరో నిజంగా ఆ మాట అని ఉంటే ఇంకెవరైనా రాశారా?

అయితే పాఠానికి కావాల్సిన సరుకు కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ సంస్థ కొన్నేళ్లుగా తెలుగులో నిజనిర్ధారణ కథనాలు రాస్తోంది. వాటిలో చాలావాటి కింద ఫొటో మొదట ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎలా వెతికారు అన్నది అడుగడుగునా వివరంగా ఉంటుంది. తీర్పును పక్కనపెట్టి ఆ అడుగులను పిల్లల చేత మళ్లీ వేయిస్తే అదే పాఠం. ఒక ఫార్వర్డ్ తీసుకురమ్మని పిల్లలకు చెప్పి, సాంఘికశాస్త్రం పీరియడ్‌లో టీచరు తన ఫోన్‌లో అందరి ముందూ దాన్ని వెతికి చూపించవచ్చు. టీచరుకు జవాబు ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు. వెతికేటప్పుడు తడబడటం, ఒక లింకు వదిలేసి ఇంకొకటి ఎంచుకోవడం, ఎందుకు వదిలేశారో పైకి చెప్పడం పిల్లలు చూడాలి. ఆ పీరియడ్ వారానికొకటి చొప్పున ఒక టర్మ్ అంతా సాగాలి.